441 చుక్కలు, ఒక బంతి

నిన్న ఉదయం చలికి కొంకర్లు పోయిన నా కుడిచేతి వేళ్ళు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, పక్కింటివారితో ఆగిపోయిన మాటలు కూడా ఇంకా మొదలు కాలేదు. ఈ రెండింటికీ కారణం నేనేనని మా కాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది కాబట్టి, ఆ తీర్మానంలో కార్యదర్శి గారి వాటా ఎంతో ఎవరూ అడగలేదు కాబట్టి, వేడి తగ్గకముందే ఇది రాసి పెట్టుకుంటున్నాను. వేడి అన్నది మాటవరసకు.

వనస్థలిపురంలోని మా కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి గారు ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్ళు అయినా, సర్క్యులర్లు రాయడం మాత్రం విరమించలేదు. సంక్రాంతి సందర్భంగా ఆయన వాట్సాప్‌లో పెట్టిన సర్క్యులర్‌లో మూడవ అంశం ప్రకారం, ఆదివారం ఉదయం 9 గంటలలోగా ప్రతి ఇంటివారూ తమ డాబానూ, పిట్టగోడలనూ, వీధివైపు గోడలనూ నాచు, నల్లచారలు లేకుండా కడిగించాలి. ఆరవ అంశం ప్రకారం, అదే ఆదివారం 9 గంటలకు ముగ్గుల పోటీ. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. కార్యదర్శి గారు ఎరగరు. డాబాలన్నీ పైన ఉంటాయని, ముగ్గులన్నీ కింద ఉంటాయని, మూడవ అంశంలో పోసిన నీళ్ళు ఆరవ అంశం మీదికే వస్తాయని ఆయనకు తట్టలేదు. ఆమాటకొస్తే నాకూ తట్టలేదు కానీ, నేను సర్క్యులర్ రాయలేదు కదా.

కూలీలు అడిగిన డబ్బు విని, నేనే కడుగుతానని మా ఆవిడతో అనేసి, ఒత్తిడితో నీళ్ళు చిమ్మే యంత్రాన్ని ఒక పూటకు అద్దెకు తెచ్చాను. అద్దెకిచ్చిన కుర్రవాడు మూడు మాటలు చెప్పాడు. నల్లచారలన్నీ వానాకాలంలో పెరిగి ఎండిన నాచే కాబట్టి ముందు బ్లీచింగ్ పొడి నీళ్ళు చల్లాలి, ఎండాకాలంలోలాగా వెంటనే కడిగేయకుండా, చలిలో మందు మెల్లగా పనిచేస్తుంది కాబట్టి కాసేపు ఎక్కువ నాననివ్వాలి. అందులో బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం కలపకూడదు, కలిపితే వచ్చే విషవాయువుకు మనిషి పడిపోతాడు. బోరు నీళ్ళు వాడితే ఆరాక గోడనిండా ఉప్పు మరకలు తేలతాయి కనుక నల్లా నీళ్ళే వాడాలి. ఈ మూడవ మాట నా ప్రాణం తీసింది. చలికాలం తెల్లవారుజామున భూమిలోంచి వచ్చే బోరు నీళ్ళు గోరువెచ్చగా, దయగా ఉంటాయి. రాత్రంతా డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులో పడుకొని లేచిన నల్లా నీళ్ళకు ఆ దయ ఉండదు. ఫోన్ 12 డిగ్రీలు అని చూపించింది. చలిదేశాలవారు వింటే నవ్వుతారేమో కానీ, 12 డిగ్రీలకు మా హైదరాబాదులో వాచ్‌మన్ మంకీ క్యాప్ పెట్టుకుంటాడు, ఇడ్లీ బండివాడు రెండు చొక్కాలు తొడుక్కుంటాడు, కుక్కలు కార్ల బానెట్ల మీదికి చేరుతాయి. నేను లుంగీ పైకి కట్టి డాబా ఎక్కాను.

గోడలు కడిగాను. ఆ నీళ్ళను కాంపౌండులోని మట్టి తాగేసింది. ఆ తరువాత డాబా మొదలుపెట్టాను.

ఆ యంత్రం నిమిషానికి 7 లీటర్లు చిమ్ముతుందని దాని మీదే రాసి ఉంది. గంటన్నర కడిగాను, అంటే 630 లీటర్లు, అంటే నలభైకి పైగా బిందెలు. ఇన్ని బిందెల నీళ్ళు ఎటు పోతున్నాయో చూడాలన్న ఆలోచన, నా పాదాలు చీలమండల దాకా మునిగి, వాటికి స్పర్శ పోయి, అవి నావో కావో తెలియని స్థితికి వచ్చాక గానీ రాలేదు. మా డాబా వాలు ఈశాన్య మూలకు ఉంది, ఆ మూలలో తూము ఉంది, ఆ తూము మూసుకుపోయి ఉంది. బాదం ఆకులు, నిరుటి సంక్రాంతి నాటి మాంజా ముద్ద, వాటి కింద సీసాకు బిరడా బిగించినట్లు తూములో కూర్చున్న ఒక రబ్బరు బంతి. ఈ బంతి ఎవరిదన్నది ముఖ్యమైన విషయం. తరువాత జరిగిన విచారణలో ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఇక్కడైనా నమోదు చేస్తున్నాను: ఆ బంతి పక్కింటి టీచర్‌గారి మనవడిది.

మురికి రంగులో, బ్లీచింగ్ వాసనతో, నాచుపొరలు తేలుతున్న ఆ మడుగును చూస్తూ నిలబడిన క్షణంలో నాకు మూసీ గుర్తుకు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తితే, అటువంటి ప్రళయం మళ్ళీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, ఆయన సలహా మీద 1920 నాటికి గండిపేటలో ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టారు. నీళ్ళను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదలాలన్నది ఆయన సూత్రం. నేను హైదరాబాదులోనే పుట్టి, గండిపేట నీళ్ళు తాగి, బడిలో ఆ పాఠం చదివి, మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణి. అయినా మోకాళ్ళ మీద కూర్చొని, మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి, బంతిని ఒక్కసారిగా పీకాను.

తూము గుటక వేసిన చప్పుడు వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది.

అప్పుడు పిట్టగోడ మీదుగా కిందికి చూశాను. పక్కింటి టీచర్‌గారు ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పిన మనిషి. తెల్లవారుజామున 4 గంటలకు మొదలుపెట్టి, 21 చుక్కలు, 21 వరుసలు, వెరసి 441 చుక్కల మెలికల ముగ్గు వేశారు. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకూడదు, చుట్టూ తిరగాలి. ఎక్కడా తెగకుండా తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే చేరాలి. వారి గేటు వెడల్పు చాలక, మా ఆవిడ అనుమతితో సగం ముగ్గు మా గేటు ముందుకు కూడా వచ్చింది. చుట్టూ రంగులు నింపి, నడుమ మూడు గొబ్బెమ్మలు పెట్టి, వాటికి గుచ్చడానికి గుమ్మడిపూల పళ్ళెం పట్టుకొని ఆవిడ అప్పుడే బయటికి వచ్చారు.

మా వాననీటి గొట్టం తిన్నగా వీధిలోకి రాదు. ఇంటి అనుమతుల కోసం తవ్వించిన ఇంకుడు గుంతలోకి దిగుతుంది. ఆ గుంతలో కంకర కంటే ఒండ్రుమట్టి ఎక్కువై చాలా కాలమైంది కాబట్టి, అది ఇంకించుకోదు, కాసేపు పట్టుకొని తరువాత గేటు కిందనుంచి పొర్లిస్తుంది. అంటే నాకు అర నిమిషం గడువు ఉంది. ఆ అర నిమిషంలో హెచ్చరించవచ్చు, గుమ్మానికి గోనెసంచి అడ్డం వేయించవచ్చు, కనీసం గొబ్బెమ్మలనైనా కాపాడవచ్చు. నేను పిట్టగోడ మీదికి వంగి అరిచాను. కానీ రెండు గంటలకు పైగా తడిబట్టలతో గాలిలో నిలబడిన మనిషి దవడలు అతని మాట వినవు. "టీచర్‌గారూ, ముగ్గు! నీళ్ళు వస్తున్నాయి!" అన్న వాక్యంలో నా పళ్ళ తాళం దాటుకొని బయటికి వచ్చింది "ము... ము... ముగ్గు" మాత్రమే.

ఆవిడ తలెత్తి చూశారు. ముఖం విప్పారింది. మెలికల ముగ్గు వేసినవారికి ఒక బాధ ఉంటుంది: నేల మీద నిలబడి చూస్తే అంత పెద్ద ముగ్గు మొత్తం ఒకేసారి కంటికి ఆనదు. దాన్ని పూర్తిగా పైనుంచి చూడగలిగిన ఏకైక మనిషిని ఆ ఉదయం ఆ వీధిలో నేనే.

"ఎట్లుంది బాబూ? పైకెళ్ళి మంచిగ కనిపిస్తున్నదా?" అన్నారు.

నేను రెండు చేతులూ ఊపాను. వద్దు, జరగండి, అన్న భావంతో ఊపాను. చేతిలో బంతి కూడా ఉంది. అది ఆవిడకు అభినందనలాగా కనిపించిందట.

"ఎడమదిక్కు ఒక మెలిక తప్పినట్లు అనుమానమైతున్నది, జర చూడు బాబూ" అన్నారు.

చూశాను. నిజంగానే చూశాను, ఇది నా మీద నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తున్న విషయం. ప్రళయానికి పది సెకన్ల ముందు నేను మెలికలు లెక్కపెట్టాను. ఏదీ తప్పలేదు. తలాడించి, బాగుందని సైగ చేశాను. ఆవిడ సంతృప్తిగా వంగి మొదటి గొబ్బెమ్మకు గుమ్మడిపువ్వు గుచ్చుతుండగా, ఆవిడ వెనుక, మా గేటు కింద, నల్లటి నాలుకలాగా నీరు బయటికి వచ్చింది.

అది పెద్ద తొందరలో ఏమీ లేదు. మొదట మా వైపున్న నాలుగు వరుసల చుక్కలను తుడిచి, కాసేపు ఆగి, తరువాత గులాబీ రంగును పసుపులోకి, పసుపును ఆకుపచ్చలోకి తోసి, అన్నింటినీ కలిపి పప్పుచారు రంగు చేసి, 441 చుక్కల మీదుగా సాగిపోయింది. ఈ నీళ్ళు మామూలువి కావు. మా నల్లాకు కృష్ణా నీళ్ళు వస్తాయి. నాగార్జునసాగర్ దిక్కునుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో, ఎత్తు మీదికి మోటార్లతో తోడుకుంటూ వచ్చి, శుద్ధి అయ్యి, రోజు విడిచి రోజు మా ఇంటికి చేరిన పుణ్యనది చివరికి చేసిన పని ఇది. పువ్వు గుచ్చిన గొబ్బెమ్మ మొదట కదిలింది. పసుపు పువ్వు తెరచాపలాగా నిలబడి ఉండగా, అది టీచర్‌గారి పాదాల పక్కనుంచి, వారి గేటు దాటి, వీధి వాలు వెంట, గౌరవంగా, మునగకుండా, మ్యాన్‌హోల్ వైపు ప్రయాణం చేసింది. ఆవిడ పళ్ళెం పట్టుకొని దానివెంట నాలుగడుగులు వేసి ఆగిపోయారు. తలెత్తి మళ్ళీ నా వైపు చూశారు. అప్పటికి నా దవడలు సడలాయి.

"నీళ్ళు వస్తున్నాయి టీచర్‌గారూ" అన్నాను, స్పష్టంగా.

న్యాయనిర్ణేతలతో సహా కార్యదర్శి గారు సరిగ్గా 9 గంటలకు వచ్చారు. ఆయన ఏనాడూ ఆలస్యం చేయరు. తడి వీధిని చూశారు, గోడకు ఆనుకొని నిలబడ్డ నన్ను చూశారు, ఫోన్ తీసి అక్కడికక్కడే ఏడవ అంశం టైపు చేశారు: డాబా నీళ్ళు వీధిలోకి వదిలినవారికి 500 రూపాయల జరిమానా. మూడవ అంశం పాటించినందుకే కదా ఇది జరిగింది అని నేను అడిగితే, మూడవ అంశంలో కడగమన్నాను కానీ వదలమనలేదు అన్నారు. అంతటితో ఆగక, వెళ్ళబోతూ మా పిట్టగోడ వైపు వేలు చూపించి, కుడివైపు చివర కొంచెం నాచు ఉండిపోయిందన్నారు. ముగ్గుల బహుమతి వీధి చివర ఇంటికి వెళ్ళింది. పదిహేను చుక్కల ముగ్గు అది, అందులో ఒక మెలిక తప్పింది కూడా. ఆ మాట పైకి అనే అర్హత నాకు లేదు.

డాబా ఈ చలికి ఇంకా ఆరలేదు. పూర్తిగా ఆరితే గానీ ఎండాకాలానికి వేయదలచిన తెల్లరంగు వేయకూడదట. యంత్రాన్ని గంట ఆలస్యంగా తిరిగి ఇచ్చినందుకు కుర్రవాడు ఇంకో పూట అద్దె పట్టుకున్నాడు. మా ఆవిడ రాజీకోసం అరిసెలు పంపితే పళ్ళెం తిరిగి వచ్చింది, ఖాళీగా కాదు, అరిసెలతోనే.

సాయంత్రం గేటు చప్పుడైతే టీచర్‌గారే వచ్చారేమోనని ఆశగా వెళ్ళాను. మనవడు నిలబడి ఉన్నాడు. బంతి కావాలన్నాడు. ఇచ్చాను. రెండడుగులు వేసి, ఏదో గుర్తుకు వచ్చినట్లు వెనక్కి తిరిగాడు.

"అంకుల్, కనుమ రోజు గూడ డాబా కడుగుతరా అని అమ్మమ్మ అడిగి రమ్మన్నది."