స్టార్‌డ్యూ వ్యాలీలో కౌలు రైతు ఏడీ?

మా అక్క కొడుకు సెలవులకి వచ్చి, కోనసీమలో కాలవ గట్టు పక్కన కూర్చుని ఫోన్‌లో వ్యవసాయం చేస్తున్నాడు. గేమ్ పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. 2016లో ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే కూర్చుని తయారుచేశాడట. నేను శ్రద్ధగా పరిశీలించాను. అందులో మంత్రగాడున్నాడు, గనుల్లో దెయ్యాలున్నాయి. వాటితో నాకు పేచీ లేదు. కానీ తాతగారు మనవడికి పొలం రాసిచ్చి పోయాడు, దాని మీద బాబాయిల వాటా లేదు, కోర్టు కేసు లేదు. నా నమ్మకం అక్కడే సడలింది. మా తాతయ్యా ఒక కాగితం వదిలి వెళ్లాడు. ప్రోనోటు.

పండింది ఇంటి ముందు పెట్టెలో పడేస్తే తెల్లారేసరికి డబ్బు! తేమ 17 శాతం దాటిందని తరుగు తీసేవాడు లేడు. పార్స్‌నిప్ అనే దుంప మామూలు రకం 35 గోల్డ్ (అక్కడి డబ్బు). ఒకటి అమ్మినా వెయ్యి అమ్మినా అంతే. వానొస్తే ఆ పూట నీళ్లు పోసే పని తప్పుతుంది. కోతల ముందు మురుగు కాలవ ఎదురుతన్నడం ఆ దేశంలో ఎవరూ ఎరగరు.

పేదలు లేరని కాదు. లైనస్ గుడారంలో ఉంటాడు. పామ్, ఆవిడ కూతురు పెన్నీ పాత ట్రైలర్‌లో సర్దుకుంటారు. వాళ్లకి ఇల్లు కట్టించడానికి 5 లక్షల గోల్డ్, కొంత కలప చాలు. మావాడు మాత్రం పొలంలో కోటి పెట్టి బంగారు గడియారం నిలబెట్టడానికి కూడబెడుతున్నాడు. (మా ఊళ్లో ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.)

కనుక కౌలు మోడ్ తక్షణం పెట్టాలని నా డిమాండ్. పండినా మునిగినా మక్తా బస్తాలు, అంటే ముందే ఒప్పుకున్న కౌలు ధాన్యం, కొలవాల్సిందే. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల సాగు కార్డుకి భూమిగల ఆసామి సంతకం కావాలి. ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఫోన్ ఎత్తడు. ఈ లెవెల్ దాటినవాడికే బ్యాంకు లోను. 2011లో కోనసీమ రైతులు ప్రకటించిన క్రాప్ హాలిడేకి కూడా ఒక బటన్ ఉండాలి. నొక్కితే ఆ సీజనంతా నాట్లుండవు.

ఇదంతా మావాడికి వివరించాను. "అలా అయితే ఈ గేమ్ ఎవరాడతారు మావయ్యా?" అన్నాడు.

వాళ్ల నాన్న సార్వాకి నారుమడి తడపడానికి వెళ్లి ఇంకా రాలేదు.