సెమినార్ గదిలో ప్రశ్న వినపడాలి

ఎంటెక్ సెమినార్ అంటే చాలా కళాశాలల్లో ఒక తంతుగా మిగిలిపోయింది. ఇరవై నిమిషాల పీపీటీ, తెర మీది ఇంగ్లిష్ వాక్యాలను చూసి చదవడం, చివరన ‘ఎనీ డౌట్స్’ అనగానే చప్పట్లు, ఆపైన ఇంటర్నల్ మార్కులు. కంప్యూటర్ సైన్స్‌లో ఇలా జరగడం మరీ నష్టం. ఎనిమిది మంది పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే కృత్రిమ మేధ నమూనాను ప్రతిపాదించిన పత్రం 2017లో వెలువడితే, దానిపై నిర్మించిన చాట్‌జీపీటీ 2022 నవంబరుకల్లా జనం చేతికి వచ్చింది. సిలబస్ సవరణ ఏనాడూ ఆ వేగాన్ని అందుకోలేదు. కొత్త పరిశోధన మన తరగతి గదిలోకి రావడానికి ఉన్న దగ్గరి దారి సెమినారే.

పత్రాన్ని చదవడమంటే దాని మొదట్లోని సారాంశమైన అబ్‌స్ట్రాక్ట్‌ను అప్పజెప్పడం కాదు. రచయితలు ఏ డేటాపై పరీక్షించారు, దేనితో పోల్చారు, ఏ షరతు తప్పితే ఫలితం నిలవదు అని అడగడం. ఒక ఉదాహరణ చెబుతాము. చాట్‌జీపీటీ వంటివాటి వెనక ఉండే భాషా నమూనాలు పాఠ్యాన్ని ముక్కలుగా విడగొట్టే పద్ధతి గురించి ఒక విద్యార్థి మాట్లాడుతున్నాడనుకుందాం. కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, తెలుగులో ఒక్కో సంకేతానికి (సున్న, పొల్లు కూడా విడి సంకేతాలే) మూడు కావాలి. ఇంగ్లిష్‌లో ఎనిమిది బైట్లలో ఇమిడే మన ఊరి పేరు ‘వరంగల్’, తెలుగులో రాస్తే పద్దెనిమిది బైట్లవుతుంది. బైట్లతో మొదలై, తరచూ పక్కపక్కన వచ్చే జంటలను అతికిస్తూ పోయే పద్ధతి ఇంగ్లిష్ ఎక్కువగా ఉన్న పాఠ్యంపై నేర్చుకుంటే, తెలుగు మాట చిన్న చిన్న ముక్కలుగానే మిగిలిపోతుంది. ‘ఈ పట్టికలోని ఫలితం తెలుగుకు ఎంతవరకు వర్తిస్తుంది’ అని వెనక బెంచీ నుంచి ఒకరు అడిగితే, అక్కడ పరిశోధన మొదలైనట్టే. ఆ ప్రశ్న తెలుగులోనే అడిగినా, జవాబు తెలుగులోనే వచ్చినా తప్పు పట్టవలసిన పని లేదు.

విద్యార్థుల వల్ల ఏమవుతుందనే సందేహం అక్కరలేదు. ఒక సంఖ్య ప్రధానాంకమో కాదో బహుపద కాలంలో, అంటే అంకెలు పెరిగినా గణనకు పట్టే సమయం అదుపు తప్పకుండా, తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్‌తో కలిసి కనుగొన్న నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రవాళ్లు.

దేశంలోనే తొలి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా 1959లో మొదలైన నేటి నిట్, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఒకే నగరంలో ఉన్నాయి. ఒకచోట జరిగే సెమినార్‌కు మరోచోటి విద్యార్థులు వచ్చి కూర్చునే వీలుండాలి, కరీంనగర్, జగిత్యాల నుంచి వచ్చేవారికి కూడా. అధ్యాపకులపై బోధన భారం ఎక్కువని, విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఉన్నాయని మాకు తెలుసు. అందుకే వారానికి ఒక్క పత్రమే చాలంటున్నాము. రెండు వారాల ముందే దాని పేరు నోటీసు బోర్డుపై పెట్టాలి. మార్కుల్లో సగం, ఆ పత్రంలోని ఒక ఫలితాన్ని ల్యాబ్‌లో తిరిగి రాబట్టేందుకు చేసిన ప్రయత్నానికి ఇవ్వాలి, అది విఫలమైనా సరే, ఎందుకు విఫలమైందో చెప్పగలిగితే. మిగతా సగంలో కొంత, వింటూ కూర్చుని మంచి ప్రశ్న అడిగిన విద్యార్థికి దక్కాలి.