మూత చాటు మహారాజుగారికి

మహారాజశ్రీ ముందు స్ప్రాకెట్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరి పళ్ళు చూశాక చెయ్యి రాలేదు. నా నడుము సంగతి తమరు ఎలాగూ అడగరు.

మోటార్‌సైకిల్ ఇంజన్ పక్కన మూత చాటున కూర్చుని చైన్‌ని లాగే చిన్న పళ్ళ చక్రం తమరు. తమరి దర్శనానికి ఇవాళ మధ్యాహ్నం మొత్తం పోయింది. గేర్ లివర్ ఊడదీసి, మూత బోల్టులు విప్పి, లోపల పేరుకున్న నల్లటి ముద్దని స్క్రూడ్రైవర్‌తో గీకి గీకి పారేస్తే అప్పుడు కనిపించారు. మొన్న సెట్ మొత్తం, అంటే చైనూ, ముందూ వెనకా ఉండే రెండు స్ప్రాకెట్లూ, మార్పించాను కదా, కొత్తవారెవరో ఉంటారనుకున్నాను. ఉన్నది పాత తమరే. ప్రతి పన్నూ ఒకే పక్కకి వాలి, కొసలు కొడవలి మొనల్లా వంగి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే చర్మం గీరుకుంది.

"సెట్ మొత్తం మార్చేశాం సార్. ఇక చాలాకాలం అటు చూడక్కర్లేదు." ఈ మాట అన్న మెకానిక్ సీటు మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. చైన్ కొత్తదే, కాదనను. వెనక పెద్ద స్ప్రాకెట్ కూడా కొత్తదే. కంటికి కనిపించేవన్నీ కొత్తవే. పైన పటారం, లోన లొటారం అంటారు చూడండి, ఆ లొటారం తమరు.

ఆధారం లేకుండా మాట్లాడను. తమరి నట్టు కింద లాక్ వాషర్ ఉంది. నట్టు వదులవకుండా దాని అంచుని ఒక పక్క పైకి మడిచి కొడతారు. నట్టు విప్పాలంటే ఆ మడతని ఉలితో సాపు చెయ్యాలి, తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్ వేసి కొత్తగా మడవాలి. తమరి వాషర్ మడతలో తుప్పు హాయిగా నిద్రపోతోంది. ఉలి గాటు ఒక్కటి లేదు. నట్టు మూలల మీద స్పానర్ పట్టిన మెరుపు లేదు. మురికి కూడా పొర మీద పొరగా, కదిలించిన గుర్తే లేకుండా ఉంది. తమరి గడప తొక్కినవాడే లేడు.

తమరిదాకా వచ్చేలోపు అనుమానం అందరి మీదా పడింది. బండి కదిలినప్పుడల్లా టక్కుమంటుంటే వెనక చక్రం నడిబొడ్డున, హబ్‌లో కుదుపు తగ్గించే రబ్బర్లు అరిగాయేమో అనుకున్నాను. అవి బానే ఉన్నాయి. ఇంజన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో తిప్పితే, చైన్ ఒకచోట వేలాడుతోంది, ఇంకోచోట బిగుసుకుంటోంది. అన్ని కీళ్ళూ ఒకేలా అరగలేదన్నమాట. స్కేలు పెట్టాను. 428 సైజు చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు. 20 లింకులు బిగలాగి పట్టి, మొదటి పిన్ను నుంచి 21వ పిన్ను దాకా కొలిస్తే కొత్తలో 254 మిల్లీమీటర్లు ఉండాలి. 2 శాతం పెరిగి 259 అయిందంటే చైన్ పని అయిపోయినట్టే. మొన్న మొన్న వేసిన నా చైన్ అప్పుడే ఆ గీత పక్కన కూర్చుని ఉంది.

మూడింటిలో రెండు కొత్తవే కదా, ఇంత గోలెందుకు అనేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం కాస్త లెక్క. మన బండిలో తమరికి 14 పళ్ళు, వెనకాయనకి 42. ఆయన నింపాదిగా ఒక చుట్టు తిరిగేలోపు తమరు మూడు చుట్లు తిరగాలి. తమరి ఒక్కో పన్ను మీద చైన్ ఆయన పన్ను కంటే మూడు రెట్లు ఎక్కువసార్లు ఎక్కి దిగుతుంది. చైన్‌కి కూడా తమరి దగ్గరే అసలు కష్టం. తమరిని చుట్టి రావాలంటే ఒక్కో కీలు దాదాపు 26 డిగ్రీలు వంగాలి, వెనకాయన దగ్గర 9 డిగ్రీలు కూడా అక్కర్లేదు. వంగినప్పుడల్లా లోపల పిన్ను, దాన్ని చుట్టి ఉన్న బుష్ అనే చిన్న గొట్టానికి రాసుకుని అరుగుతుంది. చైన్ పొడుగయ్యేది అలాగే, ఇనుమేం రబ్బరు కాదు సాగడానికి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి అరిగితే చాలు, వందకి పైగా ఉన్న కీళ్ళన్నీ కలిసి చైన్‌ని వేలాడేస్తాయి.

పాత చైన్‌తో చేసిన కాపురంలో తమరి పళ్ళ మధ్య పల్లాలు దాని కొలతకి తగ్గట్టు అరిగిపోయాయి. ఇప్పుడు కొలత సరిగ్గా ఉన్న కొత్త చైన్ వస్తే దానికి అక్కడ చోటేదీ? భారం అన్ని పళ్ళూ పంచుకోవాల్సింది పోయి ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. చైన్‌లో పళ్ళకి ఆనే రోలర్లు వంకర కొసలెక్కి జారి దిగుతాయి. అదే ఆ టక్కు. ఎంచక్కా కొత్త చైన్‌ని కూడా తమ దారిలోకి తెచ్చుకున్నారు. హన్స్ రెనాల్డ్ ఈ బుష్ రోలర్ చైన్‌కి ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది 1880లో. చైనూ పళ్ళూ కలిసే అరుగుతాయి, కలిపే మార్చాలి అని తెలుసుకోవడానికి ఇంకా ఎంత గడువు కావాలట?

పరీక్ష పెట్టేవాళ్ళు కూడా తమరి వైపు రారు. అందరూ వెనక్కే వెళ్తారు. పెద్ద స్ప్రాకెట్ వెనక కొస దగ్గర చైన్‌ని రెండు వేళ్ళతో పట్టి లాగుతారు. సగం పన్ను బయటపడితే అయిపోయిందంటారు. మంచి పరీక్షే, నేనూ చేస్తాను. హాల్ టికెట్ మాత్రం ఎప్పుడూ వెనకాయన పేరు మీదే.

ఇంత దూరం వచ్చాను కాబట్టి మిగతా పరివారానికి కూడా దండాలు. వెనక చక్రాన్ని పట్టుకుని ఊగే స్వింగ్ ఆర్మ్ మీద, చక్రాన్ని సూటిగా పెట్టడానికి గీసిన గీతలకి: ఎడమ పక్కా మూడో గీతే, కుడి పక్కా మూడో గీతే, చక్రం మాత్రం పక్కచూపులు చూస్తోంది. చివరికి స్వింగ్ ఆర్మ్ ఊగే పివట్ నుంచి చక్రం ఇరుసు యాక్సిల్ దాకా రెండు వైపులా టేపు పెట్టాల్సి వచ్చింది. చైన్ రెండు కొసల్నీ కలిపి పట్టే లాక్ క్లిప్పుకి: మూసిన కొస చైన్ పరుగెత్తే వైపు ఉండాలని అందరూ నేర్పారు. ప్లయర్ తగలగానే ఎగిరి ఏ లోకానికి పోతావో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఓ-రింగ్ చైన్‌ని పెట్రోలుతో కడిగి, లోపలి గ్రీజుని కాపాడే రబ్బరు రింగుల ప్రాణం తీసే మహానుభావులకు దూరం నుంచే నమస్కారం.

"కాస్త టైట్ చేస్తే సరిపోతుంది" బ్యాచ్‌కి అసలు విడిగా ఒక ఉత్తరం రాయాలి. చైన్‌కి పైకీ కిందికీ ఆ కాస్త ఊగులాట ఉంచింది అందానికి కాదు. చాలా బళ్ళకి అది 25 నుంచి 35 మిల్లీమీటర్లు, మన బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. వెనక ఇంకొకరు ఎక్కి సస్పెన్షన్ దిగేకొద్దీ, ఒక స్థాయి దాకా తమరికీ వెనక యాక్సిల్‌కీ మధ్య దూరం పెరుగుతుంది. ఊగులాట లేకుండా బిగించేస్తే ఆ లాగుడంతా తమరు కూర్చున్న షాఫ్టు బేరింగు మీదే. తమరి పళ్ళు అరిగి వచ్చిన వదులుని కూడా వీళ్ళు బిగించే సరిచేస్తారు.

సరే, మర్యాద చాలు.

నిన్ను ఎందుకు మార్చలేదో నాకు తెలుసు. చైన్ మార్చడానికి వెనక చక్రం ఎలాగూ ఊడుతుంది, పెద్ద స్ప్రాకెట్ నట్లు చేతికి అందుతాయి. నీ దగ్గరికి రావాలంటే లివర్ తియ్యాలి, మూత తియ్యాలి, ఆ పెంట గీకాలి, వాషర్ మడత విప్పాలి. చైన్ ఇంకా ఉండగానే గేర్‌లో వేసి, ఒకరు వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే తప్ప నట్టు కదలదు. ఆ కాస్త పనికి బద్ధకం. పని చెయ్యకపోతే పోనీ, చెయ్యలేదని చెప్పొచ్చు కదా! బిల్లులో "చైన్ స్ప్రాకెట్ సెట్" అని స్పష్టంగా రాశారు. ఆ పెట్టెలో మూడు వస్తువులు వస్తాయి. మూడోది ఏది? నీ స్థానంలో కూర్చోవాల్సినవాడు, నా డబ్బుతో కొన్నవాడు, ఇప్పుడు ఎవరి బండిలో తిరుగుతున్నాడు? లేక ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా ఏ మూల డబ్బాలో పడి ఉన్నాడా? మూత ఉంది కదా, ఎవడు చూడొచ్చాడు అనుకున్నారు. ఇంతసేపూ మొహమాటానికి డిగ్రీలూ మిల్లీమీటర్లూ చెప్పుకొచ్చాను గానీ, ఇది దొంగతనం. దీనికి ఇంకో పేరు లేదు.

నీ మీద మాత్రం కోపం నిలవట్లేదు, అదొక చిరాకు. ఇంజన్ బలం చక్రానికి చేరేది నీ మీదుగానే. చైన్‌కి ఆయిల్ వేస్తాం, వెనకాయన్ని గుడ్డతో తుడుస్తాం, నీ వంతుకి దుమ్మూ వేడీ. ఈ వంకర పళ్ళతోనే చైన్‌ని ఒక్కసారి కూడా పూర్తిగా ఊడిపోనివ్వలేదు. వెనక లారీ హారన్ కొడుతుంటే ఎక్కువ గేర్‌లో ఎత్తు ఎక్కించినప్పుడు కూడా. ఊడి ఉంటే ఈ ఉత్తరం ఏ మంచం మీంచి రాసేవాణ్ణో.

సెట్ మళ్ళీ కొనాలి. చైన్ కూడా కొత్తది వెయ్యక తప్పదు, నీ సావాసంలో అదీ చెడిపోయింది. ఈసారి మూడూ నా చేత్తోనే ఎక్కిస్తాను. అంతకంటే ముందు రేపు పొద్దున్న నువ్వు నాతో రావాలి, సాక్షిగా. బండి ఎలాగూ కదలదు, నడిచే వెళ్దాం. బిల్లు జేబులో పెట్టుకుంటాను, నిన్ను కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంటాను. అక్కడ నువ్వేం మాట్లాడక్కర్లేదు. బల్ల మీద పెట్టగానే పళ్ళికిలించు, చాలు.

ఇట్లు,
మూడింటికి డబ్బు కట్టి రెండింటితో ఇంటికొచ్చినవాడు