పేరు తెలియని క్రిమికి మందేమిటి?

వానాకాలం ముదిరేసరికి వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లా పేజీల్లో ‘విజృంభిస్తున్న విషజ్వరాలు’ అన్న శీర్షిక ఏటా కనబడుతుంది. కింద వార్త చదివితే కొందరికి డెంగీ, కొందరికి మలేరియా, మరికొందరికి టైఫాయిడ్ అని ఉంటుంది. డెంగీకి కారణం వైరస్. మలేరియాకు కారణం ప్లాస్మోడియం అనే ఏకకణ జీవి. టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా బ్యాక్టీరియా. మొదటి రెండూ దోమకాటుతోనే వచ్చినా, డెంగీని మోసేది పగలు కుట్టే ఏడిస్ దోమ, మలేరియాను మోసేది రాత్రి కుట్టే అనాఫిలిస్ దోమ. టైఫాయిడ్‌కు దోమతో పనే లేదు, అది కలుషితమైన నీటితో, తిండితో వస్తుంది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. అంత పాత సంగతి ఇంటి పక్కనే తేలి ఉండగా, దోమతెర కట్టుకోవాలో నీళ్లు కాచుకోవాలో కూడా చెప్పని ‘విషజ్వరం’ అన్న మాటను పత్రికలు ఇంకా వదలకపోవడం నాకు అర్థం కాదు.

ఈ గందరగోళానికి మూలం ‘క్రిమి’ అన్న మాటలో ఉందని నా అభిప్రాయం. పొలంలో కొట్టే పురుగుమందు క్రిమిసంహారకమే, ఆసుపత్రి నేల తుడిచే ఫినాయిలూ క్రిమిసంహారకమే, జ్వరానికి మింగే యాంటీబయాటిక్ కూడా జనం మాటల్లో క్రిములను చంపే మందే. జ్వరం క్రిమి వల్ల వచ్చింది కనుక క్రిమిని చంపే మాత్ర వేసుకుంటే తగ్గుతుందన్న తర్కం ఇక్కడి నుంచే పుడుతుంది. రెండేళ్ల కింద నాకు జ్వరం వస్తే హనుమకొండలోని ఒక క్లినిక్‌లో రక్తం తీయకముందే యాంటీబయాటిక్ రాశారు. మర్నాడు వచ్చిన రిపోర్టు డెంగీ అని తేల్చింది. మరి ఆ మాత్రలెందుకని అడిగితే ‘సేఫ్టీకి’ అన్నారు.

బ్యాక్టీరియా సంపూర్ణమైన కణం. దానికి గోడ ఉంటుంది, ప్రోటీన్లు తయారు చేసుకునే రైబోజోములు ఉంటాయి. పెన్సిలిన్ ఆ గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది, టెట్రాసైక్లిన్ రైబోజోము పని ఆపేస్తుంది. వైరస్‌కు గోడా లేదు, రైబోజోమూ లేదు. ప్రోటీన్ తొడుగులో చుట్టిన కాస్త జన్యుపదార్థం మాత్రమే ఉంటుంది కనుక ఈ మందులకు పట్టుకోవడానికి దాంట్లో ఏమీ దొరకదు. ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పాలి, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో. అది మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. తొలకరి చినుకు పడగానే మన చెల్కల్లో లేచే మట్టివాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారు చేసేది కూడా ఆ జాతి బ్యాక్టీరియానే.

సూక్ష్మజీవుల విషయంలో మన భాష పేదదని దీన్నిబట్టి అనుకోనక్కరలేదు. పాలు విరగడం వేరు, పేరుకోవడం వేరు. పిండి పులియడం వేరు, కూర పాచిపోవడం వేరు. రొట్టె మీద పట్టేది బూజు, బావి మెట్ల మీద పట్టేది పాచి. కల్లు సంగతే చూడండి. పులియని నీరా కావాలంటే లొట్టిని శుభ్రంగా కడిగి లోపల సున్నం పూయాలని గీత కార్మికులకు తెలుసు. సున్నం క్షారగుణం ఈస్టునూ బ్యాక్టీరియానూ అదుపులో ఉంచుతుంది. సున్నం లేని పాత లొట్టిలో నిన్నటి ఈస్టు గోడలకు అంటుకుని కాచుకుని ఉంటుంది. చుక్క పడగానే చక్కెరను సారాగా మార్చడం మొదలుపెడుతుంది. పొద్దటి కల్లు తియ్యగా, మాపటి కల్లు పుల్లగా ఉండటానికి కారణం ఆ తర్వాత వచ్చి చేరే ఆమ్ల బ్యాక్టీరియా. సూక్ష్మదర్శిని లేకుండానే ఇంత తేడా పట్టుకున్న భాష, మందుల దుకాణం మెట్లెక్కగానే అన్నింటినీ ‘క్రిమి’ అనో ‘తెగులు’ అనో ఎందుకు కలిపేస్తున్నదన్నదే ప్రశ్న.

మిర్చి రైతు ఇంకా కలిపేయలేదు. ఆకు పైకి ముడుచుకుంటే ‘పై ముడత’, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే ‘కింది ముడత’, అది నల్లి పని. ఆకులు చిన్నవై, మొక్క గిడసబారితే జెమిని వైరస్ అంటాడు. ఆ వైరస్‌ను మోసే తెల్లదోమను చంపవచ్చు గానీ మొక్కలో చేరిన వైరస్‌ను చంపే మందు ఏ దుకాణంలోనూ లేదు, సోకిన మొక్కను తొలిదశలోనే పీకేయడం మేలు. అయినా ‘ముడతకు మందు’ అని అడిగితే కౌంటరు మీదికి మూడు డబ్బాలు వస్తాయి.

వరిలో ఈ నష్టం మరీ స్పష్టం. అగ్గితెగులు శిలీంధ్రం, అంటే బూజు జాతి. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు వేస్తుంది. బ్యాక్టీరియా ఎండాకు తెగులు ఆకు కొన నుంచి అంచుల వెంట అలలుగా ఎండుకుంటూ దిగుతుంది. అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ దీని మీద పనిచేయదు, పైగా మొక్క పాలిపోయిందని యూరియా చల్లితే తెగులు రెట్టింపవుతుంది. తేడా తెలుసుకోవడానికి ఒక గాజు గ్లాసు చాలు. ఎండుతున్న భాగానికీ పచ్చి భాగానికీ మధ్య ఆకును కోసి, కోసిన అంచును తేట నీళ్లలో ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, బ్యాక్టీరియా అయిన పక్షంలో కాసేపటికి ఆ అంచు నుంచి పాల పొగలాంటి సన్నని ధార నీళ్లలోకి దిగుతుంది. కోట్లాది బ్యాక్టీరియా అలా మామూలు కంటికే కనబడుతుంది. పల్లి వేర్లకూ ఇలాంటి పరీక్షే ఉంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా బుడిపెలు వేలితో రుద్దితే రాలిపోతాయి, చిదిమితే లోపల ఎర్రగా ఉంటాయి. వేరులో చేరే నులిపురుగు తెచ్చే బుడిపెలు వేరు తానే ఉబ్బడం వల్ల ఏర్పడినవి కనుక రాలవు. తేడా తెలియని రైతు మేలు చేసే బుడిపెలను చూసి మందు గుళికలు చల్లుతాడు.

హైస్కూలు పాఠంలో శిలీంధ్రాలు, శైవలాలు అని ఉంటుంది, పిల్లలు అప్పజెప్పేస్తారు. బూజే శిలీంధ్రమని, పాచిలో శైవలాలుంటాయని పక్కనే ఒక్క వాక్యం రాస్తే ఆ పదం ఇంటికి చేరేది.

ఇక వరంగల్‌లో మిర్చి అమ్మే ఎనుమాముల మార్కెట్ యార్డు. కాయకుళ్లు సోకిన మిర్చి తెల్లబారి తాలవుతుంది, దాన్ని కల్లంలోనే ఏరి వేరే కుప్ప పోస్తారు, ధర తగ్గుతుంది. అది కంటికి కనబడే శిలీంధ్రం. బస్తాలకు ఎత్తేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చిలకరిస్తే ఆ తేమలో పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే మరో బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వంటలో ఉడికినా పోదు, కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ దేశాలు సరుకును రానివ్వవు. కాయ ఎర్రగానే, నిగనిగలాడుతూనే ఉండవచ్చు. తాలు ఏరే కూలీ కంటికి గానీ, గుప్పెట్లో పట్టి రంగు, తేమ చూసి ధర పలికే వ్యాపారి చేతికి గానీ ఈ రెండో బూజు దొరకదు.