ఫైలు దాకా రాని సైన్స్

ఒక ఊళ్లో వాన నీటి కాలువ కట్టాలనుకోండి. ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది ఇంజినీరు తన ఊహతో తేల్చడు. గంటలో గరిష్ఠంగా ఎంత వాన పడొచ్చో చెప్పే పట్టిక ఒకటి ఆయన దగ్గర ఉంటుంది, దాన్ని చూసి డిజైన్ గీస్తాడు, టెండర్లు పిలుస్తారు, కాలువ కడతారు, ఇక అది యాభై అరవై ఏళ్లు అక్కడే ఉంటుంది. చాలా చోట్ల ఆ పట్టికలో ఉన్నది గడిచిపోయిన దశాబ్దాల వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దానిలో పట్టే తేమ సుమారు 7 శాతం పెరుగుతుందని, కుండపోతలు ఇంకా ముదురుతాయని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఆ మాట పట్టికలోకి ఎక్కకపోతే కట్టిన కాలువ రాబోయే వానకు చాలదు, మునిగేది జనం ఇళ్లు.

వాతావరణ మార్పు గురించి తెలియక జరుగుతున్న నష్టం ఒక ఎత్తు. తెలిసిన సంగతి నిర్ణయం తీసుకునే మనిషి టేబుల్ మీదికి రాక జరుగుతున్న నష్టం ఇంకో ఎత్తు, మమ్మల్ని ఎక్కువ బాధిస్తున్నది ఇదే. పరిశోధకుడికీ ప్రభుత్వ ఆఫీసుకూ మధ్య నిలబడి, ఇద్దరి భాషా తెలిసి, రోజూ అదే పని చేసే మనుషులు కావాలి. ప్రాజెక్టు ఉన్నంత కాలం ఉండి వెళ్లిపోయేవాళ్లు కాదు, పర్మనెంట్ ఉద్యోగంలో ఉండేవాళ్లు. ఈ సంపాదకీయంలో మా డిమాండ్ ఇదొక్కటే.

జర్మనీలోని ఆర్ లోయలో ఏం జరిగిందో చూడండి. 2021 జులై 14 రాత్రి అక్కడ వరద విరుచుకుపడింది. ఆ నెల వరదల్లో ఆ దేశంలో 180 మందికి పైగా చనిపోతే, వాళ్లలో 130 మందికి పైగా ఆ ఒక్క లోయలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. భారీ వాన వస్తోందని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. కానీ ఇన్ని మిల్లీమీటర్లు అన్న అంకె, "మీ వీధిలో నీళ్లు పై అంతస్తు దాకా వస్తాయి, ఇప్పుడే బయల్దేరండి" అనే మాటగా మారి ఇంటింటికీ సమయానికి చేరలేదు. దానికన్నా కలుక్కుమనిపించే సంగతి ఇంకొకటి ఉంది. అక్కడి వరద ముప్పు మ్యాపులకు 1947 నుంచి నమోదైన నీటిమట్టాలే ఆధారం. 1804లోనూ 1910లోనూ అదే లోయను ముంచేసిన భయంకరమైన వరదలు ఆ లెక్కలోకి రానే లేదు. ఆ పాత వరదల్లో నీళ్లు ఎంత ఎత్తున పారాయో పరిశోధకులు అంచనా కట్టి, 2021 కన్నా ముందే ప్రచురించారు కూడా! పరిశోధనా పత్రంలో ఉన్నది మ్యాపులో లేదు, ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో తేల్చేదేమో మ్యాపు.

దీనికి పూర్తిగా అవతలి ఉదాహరణ ఫ్రాన్స్. 2003 వేసవి వడగాడ్పులకు యూరప్ మొత్తమ్మీద 70 వేల మందికి పైగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది, ఒక్క ఫ్రాన్స్‌లోనే సుమారు 15 వేలు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. మరుసటి ఏడాదికల్లా ఆ దేశం వాతావరణ శాఖనూ ప్రజారోగ్య సంస్థనూ ఒకచోట కూర్చోబెట్టింది. ఎండ ఎంత కాస్తే ఏ ప్రాంతంలో చావులు పెరుగుతున్నాయో పాత రికార్డులు తిరగేసి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో హద్దు పెట్టుకున్నారు. పారిస్‌లో వరసగా మూడు రోజుల సగటు పగలు 31 డిగ్రీలు, రాత్రి 21 డిగ్రీలు దాటేలా ఉంటే ప్రమాద ఘంట మోగినట్టే. దక్షిణాది నగరాలకు హద్దు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడి జనం, అక్కడి ఇళ్లు వేడికి కొంత అలవాటుపడి ఉంటాయి. రాత్రి ఉష్ణోగ్రతను కూడా లెక్కలో పెట్టడం చూడండి, రాత్రి చల్లబడకపోతే ఒళ్లు తేరుకోదని డాక్టర్లు చెప్పిన మాట అది, వాతావరణ శాఖకు తనంతట తట్టే సంగతి కాదు. హద్దు దాటితే ఎవరు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకున్నారు, ఆస్పత్రులు ఏం చేయాలి, వృద్ధాశ్రమాలు ఏం చేయాలి, ఒంటరివాళ్ల జాబితా చేతిలో పెట్టుకుని మున్సిపాలిటీ ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ. 2006లో మళ్లీ వడగాడ్పులు వచ్చాయి. అంత వేడికి జరగాల్సిన మరణాల కన్నా సుమారు 4,400 తక్కువగా నమోదయ్యాయని పరిశోధకులు తేల్చారు. అదంతా ఈ ఒక్క ఏర్పాటు ఘనతే అని మేం అనం, 2003 చూశాక జనంలోనూ జాగ్రత్త పెరిగింది. అయినా ఇంతమంది బతికారన్నది చిన్న సంగతేమీ కాదు.

అధికారుల వైపు నుంచి ఒక మాట తరచూ వింటుంటాం: "కచ్చితంగా ఎంతో చెప్పండి, అప్పుడు ఖర్చు పెడతాం." వాళ్ల ఇబ్బంది మాకు అర్థమవుతుంది, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది వాళ్లే. కానీ 2080లో సముద్రం ఎంత పెరుగుతుందో ఒకే అంకెలో చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు, నిజాయితీ ఉన్న శాస్త్రవేత్త తక్కువలో ఇంత, ఎక్కువలో ఇంత అనే చెబుతాడు. లండన్‌ను సముద్రపు పోటు నుంచి కాపాడే థేమ్స్ బారియర్, అంటే థేమ్స్ నదికి అడ్డంగా ఉన్న గేట్ల కట్టడం, 1982 నుంచి పనిచేస్తోంది. దాని భవిష్యత్తు కోసం 2012లో తెచ్చిన ప్రణాళిక ఒక్క అంకెను పట్టుకుని కూర్చోలేదు. సముద్ర మట్టం ఈ స్థాయికి చేరితే ఈ పని, ఆ స్థాయికి చేరితే ఆ పని అని మెట్లు మెట్లుగా రాసుకుని, పదేళ్లకోసారి తిరిగి చూడాలని నియమం పెట్టుకుంది. 2023లో అలా తిరిగి చూసినప్పుడు, బారియర్‌కు ఎగువన 2065 నాటికి పెంచాలనుకున్న గట్లను 2050కే పెంచాలని ముందుకు జరిపారు. అనిశ్చితి ఉంది కాబట్టి ఆగుదాం అనేవాళ్లు ఈ పద్ధతిని ఒకసారి చదవాలి.

డేటాకు కొదవ లేదు. ప్రపంచ స్థాయి వాతావరణ కంప్యూటర్ మోడళ్లు భూమిని మామూలుగా వంద కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తాయి, ఒక జిల్లా పరిపాలనకు అది పనికిరాదన్నది నిజమే, కానీ బ్రిటన్ లాంటి చోట 2.2 కిలోమీటర్ల గళ్ల దాకా దిగి లెక్కలు వేశారు. యూరప్ వాళ్ల కోపర్నికస్ అనే సేవ వాతావరణ డేటాను ఉచితంగా ఇస్తోంది. వాతావరణ పరిశోధనను సేవలుగా మార్చి అన్ని దేశాలకూ అందించాలని 2009లోనే జెనీవా సదస్సులో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. 2027 ముగిసేలోగా భూమ్మీద ప్రతి మనిషికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. ఇవన్నీ కావాల్సినవే. కానీ పది మంది పనిచేసే చిన్న మున్సిపల్ ఆఫీసులో ఆ ఫైల్ తెరిచి, ఇందులో మన తాగునీటి చెరువుకు సంబంధించింది ఏది, మన కరకట్ట ఎత్తుకు సంబంధించింది ఏది అని విడదీసి చెప్పే మనిషి ఎవరు? ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పరిశోధన గ్రాంటు మూడు నాలుగేళ్లకు ముగిసిపోతుంది, ఈలోపు ఒక వెబ్‌సైట్ తయారవుతుంది, ఒక వర్క్‌షాప్ జరుగుతుంది, డబ్బు అయిపోగానే ఆ వెబ్‌సైట్‌ను అప్‌డేట్ చేసే దిక్కు ఉండదు. నీటి సరఫరాకు, ఫైర్ సర్వీసుకు ఏటా బడ్జెట్‌లో డబ్బు ఎలా కేటాయిస్తారో ఆ కుర్చీలో కూర్చునే మనిషికీ అలాగే కేటాయించాలి.

సమాచారం ఒక్క వైపే ప్రవహిస్తే కూడా లాభం లేదు. ఏ రోడ్డు ఎంత వానకు మునిగింది, ఏ సబ్‌స్టేషన్ ఎంత వేడికి ట్రిప్ అయింది, ఏ రోజు అంబులెన్స్ కాల్స్ ఒక్కసారిగా పెరిగాయి అన్నది పరిశోధకులకు తెలియదు, లైన్‌మన్‌కీ నర్సుకీ తెలుసు. ఫ్రాన్స్ తన హద్దుల్ని అలాంటి రికార్డుల్లో నుంచే తీసుకుంది. అవి ఇప్పటికీ ఆస్పత్రుల రిజిస్టర్లలో, కరెంటు ఆఫీసు లాగ్‌బుక్కుల్లో ఉన్నాయి, పేషెంట్ల పేర్లు తీసేసి ఇవ్వడానికి ఒక ఉత్తర్వు చాలు.