ఈశాన్యంలో ఎమ్మెల్యే ఫొటో

వెబ్‌సైటు సింపుల్‌గా ఉండాలని క్లయింటును ఒప్పించే ఉపాయం డిజైన్ పుస్తకాల్లో దొరకదు. ఎన్నో ఏళ్లు, ఎందరో క్లయింట్ల చేతిలో నలిగి తెలుసుకున్న శాస్త్ర రహస్యాన్ని ప్రజాప్రయోజనార్థం ఇక్కడ వెల్లడిస్తున్నాను.

ఈమధ్య నాకు దొరికిన క్లయింటు ప్లాట్లు అమ్ముతారు. హోమ్ పేజీలో ఆయన కోరినవి: పైన వినాయకుడు, కుడి పక్కన ఎమ్మెల్యేగారు, దండతో నాన్నగారు, పరుగెత్తే అక్షరాల్లో పండగ ఆఫరు, తిరుగుతుండే ఐదు పెద్ద ఫొటోలు, తెరవగానే నాదస్వరం, నట్టనడుమ "ప్లాటు బుక్ చేశారా?" అని నిలదీసే పాపప్. చౌరస్తాలో ఫ్లెక్సీయే, కాకపోతే కదులుతుంది.

నేను చరిత్రతో మొదలుపెట్టాను. 1991లో సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైటు మొత్తం అక్షరాలూ లింకులే అన్నాను.

"పాపం, బడ్జెట్ లేదేమో."

గూగుల్ పేజీ చూడండి సార్, ఒక్క పెట్టె తప్ప ఏముంది?

"వాళ్లకి ప్లాట్లు లేవుగా, ఏం చూపిస్తారు?"

లెక్కల్లోకి దిగాను. ఒక్కో ఫొటో 4 ఎంబీ, ఐదు కలిపి 20. సిగ్నల్ 2 ఎంబీపీఎస్, అంటే సెకనుకి పావు ఎంబీ, వస్తే పేజీ తెరుచుకోడానికి 80 సెకన్లు. ఆయన కంగారుపడలేదు. "అయితే ఆ 80 సెకన్లూ మన లోగో గుండ్రంగా తిప్పు" అన్నారు.

పోనీ కొంచెం ఖాళీ అయినా వదులుదామన్నాను. మీ వెంచర్‌లో పార్కుకి జాగా వదిలారు కదా?

"రూల్ ఉందని వదిలాం. ఇక్కడేం రూలుంది? పైగా ఖాళీ కనబడితే ఎవడో ఒకడు కబ్జా చేస్తాడు."

దీనికి ఏ డిజైన్ కాలేజీలోనూ సమాధానం నేర్పరు.

మర్నాడు వాస్తు పుస్తకం పట్టుకెళ్లాను. స్క్రీన్‌కి పైభాగం ఉత్తరం సార్, మ్యాప్‌లో లాగే. కుడి పై మూల ఈశాన్యం, అక్కడ బరువు ఉండకూడదు. ఎమ్మెల్యేగారు బరువైన మనిషి. క్లయింటు ముఖం పాలిపోయింది. నిమిషంలో ఎమ్మెల్యేగారు నైరుతికి, అంటే ఎడమ పక్క అట్టడుక్కి దిగారు. నాన్నగారు కూడా అటే; దక్షిణం పితృదేవతల దిక్కు కదా. పండగ ఆఫరూ ఆ ఐదు ఫొటోలూ బరువే, వేరే పేజీకి పోయాయి. బ్రహ్మస్థానంలో, అంటే నట్టనడుమ, ఏమీ ఉండకూడదు కాబట్టి పాపప్ రద్దు. ఆగ్నేయంలో అగ్ని ఉండాలి. వాట్సాప్ బటన్ ఎలాగూ అక్కడే ఉంది. నాదస్వరానికి మాత్రం ఎంత వెతికినా దిక్కు దొరకలేదని తీసేశాం. వినాయకుడు ఒక్కరే చిన్నగా, ప్రశాంతంగా పైన మిగిలారు.

ఇంత తెల్లటి పేజీ నా చేత్తో ఎప్పుడూ చేయలేదు. సైటు రెండు సెకన్లలో తెరుచుకుంటోంది.

నిన్న రాత్రి ఫోన్. పుస్తకం ఆయనే కొనుక్కుని చదువుతున్నారట.

"బాబూ, ఎడమ పక్క పైన వాయువ్యం ఖాళీగానే ఉందిగా? అది గాలి మూలట. మరి నాదస్వరం గాలితో ఊదేదే కదా!"