ఆడిటర్ సొరుగులో ఆమె సంతకం

గోదావరి డెల్టాలో ‘ఆవిడ కంపెనీకి వెళ్తోంది’ అంటే అర్థం ఒక్కటే. తెల్లారకముందే ఊరి సెంటర్లో బస్సెక్కి, రొయ్యల ఫ్యాక్టరీలో గమ్‌బూట్లు తొడుక్కుని, ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసే పనికి వెళ్తోందని. భీమవరం నుంచి కాకినాడ దాకా ఆ షెడ్లు నడిచేది ఆడవాళ్ల చేతుల మీదే. అదే ఆవరణలో ఏసీ గదిలో బోర్డు మీటింగు జరిగే రోజున ఎంతమంది ఆడవాళ్లు కూర్చుంటున్నారన్నది ఎవరూ అడగరు.

అడగాలని చట్టమే చెప్పింది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీలోనూ, వాటాదారులు చెల్లించిన మూలధనం 100 కోట్లు గానీ టర్నోవరు 300 కోట్లు గానీ దాటిన ఇతర పబ్లిక్ కంపెనీల్లోనూ కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలన్నది 2013 కంపెనీల చట్టం తెచ్చిన నిబంధన. నమోదైన కంపెనీలకు స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మొదట 2014 అక్టోబరు 1 గడువు పెట్టి, తర్వాత 2015 ఏప్రిల్ 1కి జరిపింది. గడువు దగ్గరపడేసరికి దేశమంతటా యజమానుల భార్యలు, కూతుళ్లు, చెల్లెళ్లు బోర్డుల్లోకి వచ్చేశారు. అది చూసే కాబోలు, 2019 నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీల్లో, 2020 నుంచి మొదటి 1000 కంపెనీల్లో ఆ మహిళ స్వతంత్ర డైరెక్టరే, అంటే యజమానుల కుటుంబంతో సంబంధం లేని మనిషే కావాలని సెబీ బిగించింది.

ఈ బిగింపు మన మిల్లుల దాకా రాదు. ఇక్కడి వ్యాపారంలో ఎక్కువ భాగం భాగస్వామ్య సంస్థలు, లేదంటే ప్రైవేట్ లిమిటెడ్‌లు. తమాషా ఏమిటంటే, కాగితం మీద చూస్తే ఇక్కడ మహిళా డైరెక్టర్లకు కొదవే లేదు. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లుండాలి. ఆ రెండో పేరు ఇంట్లోనే దొరుకుతుంది. ఆమె డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌ను ఆమె ఒక్కసారి కూడా చూసి ఉండదు. అది ‘మేడం గారు’ అని స్టిక్కరు అంటించుకుని ఆడిటర్ సొరుగులో ఉంటుంది. మినిట్సులో ఆమె హాజరు పడిన వేళకు ఆమె పిల్లాడి ట్యూషన్ దగ్గర కూర్చుని ఉంటుంది. సర్పంచి భర్తల మీద జోకులేసుకునే మన పట్టణాలు డైరెక్టరు భర్తల దగ్గరికి వచ్చేసరికి నోరెత్తవు.

పెత్తనం లేదు సరే, పూచీ మాత్రం పూర్తిగా ఆమెదే. వరుసగా మూడేళ్లు కంపెనీ వార్షిక రిటర్నులు దాఖలు చేయకపోతే డైరెక్టర్లందరూ అయిదేళ్లపాటు అనర్హులు. 2017లో కేంద్రం అలా 3 లక్షల మందికి పైగా వేటు వేసింది. బ్యాంకు అప్పుకు హామీదారుగానూ ఆమె చేతే సంతకం చేయిస్తారు. అప్పు మొండిబకాయి అయితే, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన స్థలం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంటివాళ్లయితే చేతకానివాళ్లని మేము అనడం లేదు. విదేశీ కొనుగోలుదారుల ఈమెయిళ్లు, కంటైనర్ల లెక్కలు చూసుకునే కోడళ్లు ఈ జిల్లాల్లో ఉన్నారు. విజిటింగ్ కార్డు మీద మాత్రం అబ్బాయి పేరే ఉంటుంది! ఇక ‘అర్హులు దొరకడం లేదండీ’ అనే మాట. స్వతంత్ర డైరెక్టర్ల పేర్లతో కేంద్రమే ఒక డేటాబ్యాంకు నడుపుతోంది. చార్టర్డ్ అకౌంటెంట్లైన ఆడపిల్లలు రాజమహేంద్రవరంలోనూ ఉన్నారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో, టికెట్ లేదని ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర నెహ్రూనే ఆపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి అప్పుడు 14 ఏళ్లు. నిబంధన నిబంధనేనని మొహం మీదే చెప్పగల డైరెక్టరు ఎలా ఉండాలో ఈ నేలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అలాంటి మనిషి బోర్డులో కూర్చుంటే ఇబ్బంది కనుకనే వెతకడం లేదేమోనని మా అనుమానం.

స్వతంత్ర మహిళా డైరెక్టరు షరతును టర్నోవరు 300 కోట్లు దాటిన, స్టాక్ ఎక్స్ఛేంజీకెక్కని పబ్లిక్ కంపెనీలకూ వర్తింపజేయాలి. అందుకు కేంద్రం నిబంధన మార్చాలి, అది ఎప్పటికవుతుందో. ఈలోగా వాటాదారులు చేయగలిగింది ఒకటుంది. సెప్టెంబరులోగా వార్షిక సమావేశాల నోటీసులు వస్తాయి. డైరెక్టరు పునర్నియామకం అని ఉన్నచోట, ఆమెకు మిగతా డైరెక్టర్లతో ఉన్న బంధుత్వం, ఏడాదిలో హాజరైన బోర్డు సమావేశాల సంఖ్య చిన్న అక్షరాల్లో వేస్తారు. ఓటు నొక్కేముందు కళ్లజోడు పెట్టుకుని ఆ రెండూ చదవండి.